చుక్క పడితే దగా!

బార్కస్ పేరు ఇంగ్లీషు ‘బ్యారక్స్’ నోళ్లలో నలిగి అయినదే. నిజాం కొలువులో సిపాయిలుగా చేరిన హద్రమౌత్ అరబ్బుల బ్యారక్సులు అక్కడుండేవి. నోట్లో మాట అరిగితే పేటకి ముచ్చటైన పేరొచ్చింది. కాగితం మీద అక్షరం చెదిరితే మాత్రం చిక్కే!

ఉర్దూలో ‘దుఆ’ అంటే ప్రార్థన. దాని నెత్తిన ఒక్క చుక్క పడిందా, మనకీ తెలిసిన ‘దగా’ అయి కూర్చుంటుంది. శుభలేఖలో అలా పడితే ఇంకేమైనా ఉందా?

ఆ చుక్కల కాపలాదారు కాతిబు, అంటే లేఖకుడు. పెళ్లికార్డులకి పేరుపడ్డ పాతబస్తీ ఛత్తాబజారులో అతనికి గిరాకీ ఉండేది. లితో అచ్చుకైతే, పూత కాగితం మీద జిడ్డు సిరాతో రాసిన రాతని రాతిపలక మీదికి ఎక్కించేవారు. 1796 ప్రాంతంలో బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టిన పద్ధతి ఇది. నూనెకీ నీటికీ పడదు కదా. తడిపిన రాయి మీద రాత ఉన్నచోటే సిరా అంటుకుంటుంది. నేటి ఆఫ్‌సెట్ అచ్చూ ఆ వైరం మీదే నడుస్తోంది.

ఏటవాలుగా జారే నస్తాలీఖ్ రాత సీసపు అక్షరాలకి ఓ పట్టాన లొంగలేదు. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది కూర్పులు చేత్తో రాసి దాన్ని కంప్యూటరుకి ఎక్కించారు. 1994లో ఢిల్లీ నుంచి ‘ఇన్‌పేజ్’ వచ్చింది. కాతిబుల కలాలు చాలావరకు మూలపడ్డాయి.

ఇప్పుడు కార్డు ఫైలుగా ప్రెస్సుకి వెళుతుంది. తెర మీది రంగులు వెలుగువి; కాగితానికి కావలసినవి సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు. అందుకని ఫైలుని ఆ నాలుగు రంగుల్లోకి మార్చాలి. కత్తిరింపులో తెల్లంచు రాకుండా చుట్టూ మూడు మిల్లీమీటర్లు అదనంగా రంగు వదలాలి. ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోతే ఉర్దూ అయినా తెలుగైనా చెల్లాచెదురే; కాబట్టి అక్షరాలని గీతలుగా మార్చి పంపుతారు. అలా మార్చాక అవి అక్షరాలు కావు, బొమ్మలు. తప్పుంటే టైపు చేసి దిద్దడం కుదరదు.

ఫొటోకి అంగుళానికి 300 చుక్కలు ఉండాలంటారు. అన్ని చుక్కలు లెక్కపెట్టే యంత్రానికి, దుఆ మీద పడిన ఆ ఒక్క చుక్క మాత్రం పట్టదు!

బార్కస్ అరబ్బు పేర్లలో తండ్రి, తాత, వంశం ‘బిన్’తో వరసగా నడుస్తాయి. ఒకటి తప్పితే వంశమే మారిపోతుంది. మన ఇంటిపేర్లూ అంతేగా! కాతిబు రాస్తూ చదివేవాడు, కంప్యూటరు చదవదు. అంచేత అక్షరాలు గీతలు కాకముందే, చుట్టాలందరి పేర్లూ తెలిసిన ఇల్లాలు ఆ ప్రూఫుని ఒక్కసారి పైకి చదవాలి. కాతిబు వదిలివెళ్లిన ఉద్యోగం ఇప్పుడు ఆవిడదే.