పోర్టు: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

విశాఖపట్టణమున ‘పోర్టు’ అను మాట వినబడని వీధి లేదు. తండ్రి పోర్టులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నాడనియు, కొడుకు పోర్టు స్టేడియమునకు ఆట చూడబోయినాడనియు, కూతురికి పాస్‌పోర్టు వచ్చినది గనుక త్వరలో ఎయిర్‌పోర్టుకు సాగనంపవలెననియు, ఇల్లాలు తన ఫోను నంబరును వేరొక కంపెనీకి పోర్టు పెట్టినదనియు, తీరా చూడగా ఆ ఫోనుకే ఛార్జింగు పోర్టు పాడైనదనియు ఒక్క యింట ఒక్క పూటలో వినవచ్చును. ఒకే మాట ఒకచోట సముద్రతీరమును, ఒకచోట గగనయానస్థానమును, ఒకచోట చిన్న రంధ్రమును, మరొకచోట మార్చుకొను క్రియను తెలుపుచున్నది. ఈ యర్థములు దారి తప్పి ఒక్కచో చేరినవి కావు. ఒక దరి నుండి వేరొక దరికి దాటుట యను ఒకే మానవకార్యము నుండి ఇవన్నియు పుట్టినవి.

లాటిను భాషలో ‘పోర్టుస్’ అనగా ఓడరేవు, ‘పోర్టా’ అనగా ద్వారము, ‘పోర్టారే’ అనగా మోసికొనిపోవుట. రేవును, ద్వారమును, మోతయు వేర్వేరు విషయములుగా తోచినను, రోమనులకు వీనిలో మొదటి రెండింటికి అధిదేవత ఒక్కడే. తాళపుచెవులను, వాకిళ్లను, ఓడరేవులను కాపాడు ఆ దైవమునకు పోర్టూనుస్ అని పేరు. భాషాశాస్త్రజ్ఞులు ఈ మూడు పదములకును ‘దాటు, దాటించు’ అను అర్థముగల ఒక ప్రాచీన ధాతువును మూలముగా చూపి, సంస్కృతమున ఆవలి యొడ్డును తెలుపు ‘పార’ శబ్దమును కూడ ఆ వంశముననే చేర్చినారు. ఇరువైపుల దరులు గలది గనుక సముద్రము పారావారమైనది. విద్య యొక్క ఆవలి యొడ్డును చేరినవాడు పారంగతుడైనాడు. కావున ఆంగ్లేయుని ఓడమీద దిగివచ్చిన ఈ మాటకు మన నిఘంటువులలో పూర్వమే దాయాదులు ఉన్నారనుట అతిశయోక్తి కాదు.

మొదటి శాఖయైన ‘పోర్టుస్’ సంతతి బహువిస్తారమైనది. ఐరోపా పశ్చిమతీరమున ‘పోర్టుస్ కాలె’ అను రేవు ఉండెను; ఆ రేవు పేరే కాలక్రమమున దేశమంతటికి వ్యాపించి పోర్చుగల్ అయినది. మన పూర్వులు బుడతకీచులని పిలిచిన వారు ఆ దేశస్థులే. 1703లో ఇంగ్లండు, పోర్చుగల్ దేశముల నడుమ కుదిరిన మెథ్యూయెన్ సంధి వలన పోర్చుగల్ ద్రాక్షసారాయమునకు సుంకము తగ్గి, పోర్టో నగరపు రేవు నుండి పీపాలకొలది ఇంగ్లండునకు ఎగుమతియయ్యెను. అది ‘పోర్టు’ అను పేరనే ప్రసిద్ధమైనది. రేవు దేశమునకు పేరిచ్చినది, పానీయమునకును పేరిచ్చినది.

నావికుల భాషలో ఈ మాటకు వేరొక విచిత్రమైన అర్థము కలదు: ఓడ ముందుభాగము వైపు ముఖము పెట్టి నిలిచినవానికి ఎడమచేతి పార్శ్వము ‘పోర్టు’. ప్రాచీన ఓడలకు చుక్కాని తెడ్డు కుడిప్రక్కన ఉండెడిది గనుక ఆ ప్రక్క స్టార్‌బోర్డు, అనగా చుక్కాని వైపు, అయినది. తెడ్డు నలిగిపోకుండుటకై ఓడను ఎడమప్రక్కనే రేవునకు ఆనించి సరుకు ఎత్తుచుండిరి. అందువలన ఆ ప్రక్క మొదట లార్‌బోర్డు అనబడినది. గాలివానలో, కెరటముల హోరులో ‘స్టార్‌బోర్డు’, ‘లార్‌బోర్డు’ అను కేకలు ఒకటిగా వినబడి ప్రమాదహేతువు లగుచుండుటచే, 1844లో బ్రిటిషు నౌకాధికారులు లార్‌బోర్డు అను మాటను త్రోసివేసి, రేవువైపు గనుక ‘పోర్టు’ అనియే పలుకవలెనని శాసించిరి.

ఈ మాటకు విశాఖపట్టణముతో గల సంబంధము గొప్పది. ఇచ్చట రేవు నిర్మాణము కాకపూర్వము ఓడలు సముద్రములోనే దూరముగా లంగరు వేసి నిలువగా, మసూలా పడవలు కెరటములను కోసికొనిపోయి సరుకు మోసికొనివచ్చెడివి. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలెనను తలంపుతో, డాల్ఫిన్ నోస్ కొండ నీడన ఉప్పుటేరును, బురదనేలను త్రవ్వి, రెండు పాత ఓడలను సముద్రమున ముంచి అలల తాకిడికి అడ్డుకట్టగా నిలిపి, అంతర్నౌకాశ్రయమును సాధించిరి. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ అను ప్రయాణికుల ఓడ తొలిసారిగా లోపలికి ప్రవేశించినది. అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు నౌకాశ్రయమునకు ప్రారంభోత్సవము చేసెను.

అదే 1933వ సంవత్సరము ‘పోర్టు’ అను ఆజ్ఞకు కూడ కొత్త జన్మ. అంతకుముందు బ్రిటిషు ఓడలమీద ‘పోర్టు’ అని ఆజ్ఞాపించినచో చుక్కాని పిడిని ఎడమకు త్రిప్పుమని అర్థము; పిడి ఎడమకు పోయిన ఓడ కుడికి తిరుగును. 1912లో టైటానిక్ ఓడమీద మంచుకొండను చూచి ‘స్టార్‌బోర్డు’ అని ఆజ్ఞ యిచ్చినప్పుడు ఓడ ఎడమకు తిరిగినది ఈ పద్ధతి ప్రకారమే. ప్రాణములతో ముడిపడిన ఈ వైపరీత్యమును తొలగించి, ఆజ్ఞలో చెప్పిన దిక్కునకే ఓడ తిరుగవలెనను నియమమును బ్రిటిషు ఓడలు 1933లో స్వీకరించినవి.

నేడు విశాఖ లోపలి రేవునకు వచ్చు ఓడను గమనింపుడు. రేవు పైలటు చిన్న పడవలో ఎదురేగి, తాళ్ల నిచ్చెన ఎక్కి, చుక్కాని గదిలో నిలిచి ‘పోర్ట్ టెన్’ అనును. చుక్కానివాడు ఆ మాటనే బిగ్గరగా తిరిగి పలికి, చుక్కానిని పది డిగ్రీలు ఎడమకు త్రిప్పి, పని పూర్తియైనదని మరల చెప్పును. పలికిన మాట, విన్న మాట ఒక్కటేయని రూఢి చేసికొనుట కీ పునరుక్తి. ఎడమవైపు డాల్ఫిన్ నోస్ కొండ, కుడివైపు గుడి, చర్చి, దర్గా శిఖరములపై వెలసిన పాతపట్టణపు గుట్టలు. పోర్టు ప్రక్కకు గుర్తు ఎరుపు: ఓడ ఎడమప్రక్క దీపము ఎరుపు, మన దేశపు రేవులలో ప్రవేశించు ఓడకు ఎడమనుండు బోయాయు ఎరుపే.

‘పోర్టా’ అను రెండవ శాఖ ద్వారములకు సంబంధించినది. ఓడ ప్రక్కన ఫిరంగి గొట్టము చాచుటకు కోసిన వాకిలి పోర్టు. అందుండియే ఓడగదికి వెలుతురునిచ్చు గుండ్రని కిటికీకి పోర్టుహోలు అను పేరు వచ్చినది. యంత్రయుగమున ఆవిరి, ఇంధనము, పొగ వచ్చిపోవు మార్గములకు ఇంజనీర్లు ఆ పేరే పెట్టిరి. ఉక్కు కర్మాగారములలో కరిగిన ఉక్కును అచ్చులోనికి దించు గొట్టమునకు అడుగుప్రక్కల ఉండు రంధ్రములును పోర్టులే. విద్యుత్తు, సమాచారము ప్రవేశించు ద్వారములు గనుక కంప్యూటరునకును, ఫోనుకును గల రంధ్రములు పోర్టులైనవి.

మూడవది ‘పోర్టారే’ శాఖ. లోపలికి మోసికొనివచ్చుట ఇంపోర్టు, వెలికి మోసికొనిపోవుట ఎక్స్‌పోర్టు, అద్దరికి చేర్చుట ట్రాన్స్‌పోర్టు. రైల్వేస్టేషనులో పెట్టె మోయు పోర్టరు, మంత్రికి అప్పగించిన శాఖను తెలుపు పోర్టుఫోలియో ఈ కుటుంబములోనివే. 2011 జనవరి 20 నుండి దేశమంతట నంబరు మార్చుకొనకయే కంపెనీ మార్చుకొను సదుపాయము కలిగినప్పుడు మన జనము ‘పోర్టు పెట్టుట’ అను క్రొత్త తెలుగు క్రియను కల్పించిరి. తన నంబరును తానే మోసికొని వేరొక గడప చేరుట అను మూలార్థము అందు చెక్కుచెదరలేదు.

మన భాషకు రేవు మాటలు కరవు కావు. ఓడరేవు, స్నానపు రేవు, చాకిరేవు అనుటలో నీటికిని నేలకును సంధియైన ప్రతి చోటును మనకు రేవే. మచిలీపట్టణమునకు నిలిచిన ‘బందరు’ అను పేరు పారశీకమున ఓడరేవును తెలుపు మాట. పట్టణమను శబ్దమునకు సముద్రతీరపు వర్తకస్థానమను అర్థము పూర్వము నుండి కలదు. ప్రాచీనాంగ్లమున ‘పోర్టు’ అను మాటకును అంగడిగల పట్టణమను అర్థము ఉండుట గమనింపదగినది. ఓడ నిలిచినచోట సంత, సంత నిలిచినచోట ఊరు వెలయుట ఉభయ దేశములకు సమానానుభవము. అనుభవము సమానమైనచో మాటల నడకయు సమానమగును.

పదముల అర్థములను పండితులు నిర్ణయింతురని మనము భావింతుము గాని, ‘పోర్టు’ చరిత్ర చూడగా నావికుడు, కూలి, ఇంజనీరు, వర్తకుడు తమ పనిలో ఆ మాటను వాడివాడి అర్థవంతము చేసినట్లు స్పష్టమగుచున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటముగా వ్యవసాయపదములు వెలువడి రైతు నోటి మాటకు నిఘంటుగౌరవము దక్కినది. విశాఖ రేవులోను, ఉక్కు కర్మాగారములోను పనిచేసి వృద్ధులైన కార్మికులు నేటికిని మన మధ్య ఉన్నారు. వారు పని చేయుచు పలికిన మాటలను, తెలుగువైనను ఆంగ్లమునుండి వచ్చినవైనను, వారు వాడిన అర్థములతోనే వ్రాసియుంచుటకు విశాఖలోని విశ్వవిద్యాలయ విద్యార్థులును, భాషాభిమానులును ఆలస్యము చేయక పూనుకొనవలెను.