తెరుచుకోని అమలాపురం స్టేషన్

కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలను రెండో ప్రపంచ యుద్ధకాలంలో పీకేశారు. దొరల యుద్ధానికి మన పట్టాలు పోయాయి.

లోక్‌సభ తొలి దళిత స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి. ఆయన స్పీకర్‌గా ఉండగానే, 2000–01లో కోటిపల్లి–నర్సాపురం లైను మంజూరైంది. 57 కిలోమీటర్లు, గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనలు, మధ్యలో అమలాపురం. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. 2004లో రైలు కోటిపల్లి దాకా తిరిగొచ్చింది, గోదావరి దాటలేదు. నదుల్లో స్తంభాలు మాత్రం లేచాయి.

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే మన అక్కచెల్లెళ్లు రైలెక్కాలంటే నేటికీ బస్సులో రాజమండ్రి పోవాల్సిందే.

2022లో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడుతున్నారని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. రాని రైలు కోసం ఆ ఆవేశం ఎన్నడైనా చూశామా? పేరు మన హక్కు. రైలూ మన హక్కే. అడుగుదాం.