బండకు చెవి పెట్టేటోళ్లు

ఆ మంట బండకు ఆనించి పెట్టకుండ్రి బిడ్డా. ఇవతలికి, మట్టి మీదికి జరపుండ్రి. గాలి ఆగుతదని పెట్టిండ్రు, నాకెర్కే. కని బండ పక్కన మంట పెడితే ఏమైతదో నేను కండ్లార చూసినోణ్ని.

మా చిన్నప్పుడు ఈ ఖాజాగూడ గుట్టల దిక్కు వడ్డెరోళ్లు బండ తీసేటోళ్లు. మిషిన్లు లేవు. పరుపుబండ మీద కట్టెలు పరిచి సన్నగ మంట పెట్టేది. మంట ఎక్కువైతే బండ పెచ్చులు పెచ్చులు లేచి పాడైతది, తక్కువైతే కదలనే కదలదు. మెల్లమెల్లగ మంటను ముందుకు జరుపుకుంట పోయేటోళ్లు. పైపొర వేడికి సాగుతది, కింద సల్లగ ఉన్నది సాగదు. గట్ల రెండూ విడిపోతయి. లోపట విడిపోయిందా లేదా కంటికి కనవడది గద, సుత్తెతోటి కొట్టి ఇనేటోళ్లు. అతుక్కొని ఉన్నకాడ ఖంగుమంటది. విడిపోయినకాడ డొల్ల సప్పుడొస్తది. అండ్ల ఒక ముసలాయనకు కండ్లు సరిగ ఆనకపోయేటివి. అయినా చెవితోటే చెప్పేటోడు, మంట ఇంకా జరపాల్నా, ఇగ చాలా అని. ఆయన లేపిన పొరలే గడప బండలైనయి, చేన్ల కడీలైనయి.

మీరు పెట్టే మంట గూడ అదే పని చేస్తది. కాకపోతే ఆయనకు కావాల్నన్న కాడ పొర లేచేది, మీకు అక్కర్లేని కాడ లేస్తది. రేపు ఎవరో పోరడు ఆ పెచ్చు పట్టుకొని పానం మొత్తం దాని మీదేసి ఎక్కుతడు. మసి సంగతి సరే, అది ఎట్లాగూ ఏండ్ల తరబడి పోదు.

మేము తాళ్లు, బూట్లు లేకుండనే ఎక్కేటోళ్లం. దాన్ని ఎవలూ క్లైంబింగ్ అనకపోదురు. మేక పైకి పోయి కిందికి దిగకుంటే మనం పోవాలె, గంతే. గుండ్ల సందులల్ల సీతాఫలాలు పండితే, ఉడతల కన్న ముందు మేము పోవాలె. తెల్లారగట్ల బండ సల్లగుంటది, అరికాలు మంచిగ పడుతది. ఎండ ముదిరినంక కాలు కాలుతది, చెమటకు చెయ్యి జారుతది. ఏటవాలు బండ మీద భయపడి బండను కౌగిలించుకుంటివా, జారుతవు. నడుము ఇవతలికి పెట్టి, బరువు పాదం మీదేసి నిలవడితె బండనే పట్టుకుంటది. ఇప్పుడు మీకు నేర్పే సారు గూడ ఇదే చెప్తున్నడట గద. మాకు మేకలు నేర్పినయి.

ఒకనాడు నైలాన్ తాళ్లు, నడుముకు పట్టీలు కట్టుకొని పట్నం నుంచి కొందరొచ్చిండ్రు. ఊరంత పోయి చూసినం. వాళ్లల్ల పెద్దాయన పైకి పోయేటప్పుడు పట్టుకునే ముందు ప్రతి పెచ్చునూ అరచేత్తోటి కొట్టి, చెవి ఒగ్గి ఇంటున్నడు. నాకు నవ్వాగలే. మా వడ్డెర తాత చేసిందే గది! ఈయన డొల్లగ పలికినదాన్ని ఒదిలిపెడ్తడు, ఆయన డొల్లగ పలికిందాన్నే ఊడదీస్తడు.

గా తర్వాత చెవులతోటి పని లేకుండ పోయింది. కంప్రెసర్లు, జిలెటిన్‌లు ఒచ్చినయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ కట్టిందంత గుండ్లు పగలగొట్టే. 250 కోట్ల ఏండ్ల బండ ఇది. భూమి లోపట చల్లారి గట్టిపడి, మీదున్నదంత కొట్టుకపోతే బయటపడి, పగుళ్లెంబడి నీళ్లు దిగి మూలలు అరిగి గిట్ల గుండ్రంగైంది. ఒక బొడ్రాయంత గుండు కావాలన్నా మనిషి కాలం చాలదు. పగలగొట్టనీకి ఒక పొద్దు చాలు.

అడ్డంపడ్డోళ్లు లేకపోలేదు. 1996ల 'సొసైటీ టు సేవ్ రాక్స్' అని పెట్టిండ్రు. ఫ్రౌకె ఖాదర్ అని జర్మనీల పుట్టి ఇక్కడి కోడలైన ఆమె, ఐఏఎస్ చేసిన నరేంద్ర లూథర్ అందుల ముందటుండిండ్రు. లూథర్ ఈ బండల మీద సినిమా గూడ తీసిండు. వాళ్లు తిరగంగ తిరగంగ కొన్ని బండలు సర్కారు వారసత్వ జాబితలకెక్కినయి. దుర్గం చెరువు చుట్టున్న గుట్టలు, సెంట్రల్ యూనివర్సిటీ లోపటున్న పుట్టగొడుగు బండ, గిట్లాంటివి.

నాకు మాత్రం ఒక్కటి మనసుల గుచ్చుతది. పుట్టగొడుగు లెక్కనో, తాబేలు లెక్కనో కనవడే బండకు పేరొస్తది. పేరున్నదానికి కాయిదమొస్తది. మరి ఏ ఆకారం లేకుండ, ఒట్టిగ ఏటవాలుగ పండుకొని ఉన్న బండకో? మేకలకు, మీ అసుంటోళ్లకు పనికొచ్చేది అదే. పేరు లేదని ముందుగాల అదే పోతది. అందుకే మీరు ఎక్కే ప్రతి బండకు ఏదో ఒక పేరు పెట్టి, ఫోటో తీసి, ఎక్కడుందో రాసి పెట్టుండ్రంటున్న. పిచ్చి పేరైనా సరే.

భువనగిరికి ఆ చింత లేదు. మీద కోటుంది. చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యునికి త్రిభువనమల్లుడని బిరుదు, ఆ పేరు మీదనే ఊరు. గుట్టంత ఒక్కటే బండ, అయిదు వందల అడుగుల పైమాటనే. గురుకులం బడి పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలుత తాడు పట్టుకుంది ఆ బండ మీదనే. 2014 మే 25 నాడు ఎవరెస్టెక్కిండ్రు. పూర్ణకప్పుడు పద్నాలుగేండ్లు గూడ నిండలే. మన బండ మీద కాలు నిలిపినోళ్లకు మంచు కొండ మీద నిలుపుడు వేరే విద్యనే, కని భయం మాత్రం ఇక్కడనే పోయింది.

ఇగ మీ సంగతికొస్తె, చేతులకు పూసుకునే ఆ తెల్లపొడి దిగేటప్పుడు బ్రష్షుతోటి తుడిచి రాండ్రి. దొనలల్ల నీళ్లున్నయని చేతులు కడగకుండ్రి. ఎండకాలం దాక పిట్టలు, నక్కలు అవే తాగుతయి. పట్టు దొరకలేదని ఉలితోటి గంటు పెట్టే పోరగాండ్లను చూసిన. చాతకాకుంటె ఊకోవాలె, బండేం తప్పు చేసింది? పేర్లు రాసేటోళ్ల మాట ఎత్తితే నాకు బూతులొస్తయి, ఆడివిల్లలున్నరు, ఒద్దు.

రేపు తూర్పు దిక్కు బండ మీదికి మాత్రం పోకుండ్రి. ఆ అరుగు మీద పెద్ద గూబ గుడ్లు పెట్టింది. మనిషి మాటిమాటికి పోతె అది లేసిపోతది, గుడ్లు సల్లబడి మురుగుతయి. పిల్లలు ఎగిరిపోయేదాక ఆగాలె. తేనెతుట్టె ఉన్న సందు గూడ ఒద్దు, పెద్దతేనె ఉరికిచ్చి కుడుతది. పడమటి బండకు పోదాం. దాని కింద రాత్రులు తాగేటోళ్లు సీసాలు పగలగొట్టి పోయిండ్రు. గోనెసంచులు నేను తెస్త, చేతి తొడుగులు మీరు తెచ్చుకోండ్రి. పెంకులు ఏరినంకనే ఎక్కుడు.