సముద్రంలో ఉన్న మా వీధులు

కాకినాడ దగ్గరున్న మా ఉప్పాడలో పెద్దవాళ్లని పుట్టిల్లు ఎక్కడని అడిగితే చాలామంది సముద్రం వైపు చెయ్యి చూపిస్తారు. అక్కడిప్పుడు కెరటాలు తప్ప ఏమీ లేవు. పల్లెకారుల ఇళ్లు, కొబ్బరి చెట్లు, గుళ్లు వరసగా కోతకు పోయాయి.

మా తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గోదావరి తెచ్చి కడలిలో పోసిన ఇసుకే మా ఒడ్డుకు మేత. నది మీద ఆనకట్టలు లేచాక ఆ రాక తగ్గింది. వచ్చేదాంట్లోనూ చాలా భాగం హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ దగ్గరే ఆగిపోతోంది. ఆ దిబ్బ చాటున కాకినాడ రేవు నిబ్బరంగా ఉంటే, దాన్ని దాటిన అలల దెబ్బంతా మా మీద పడుతోంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబ్ గొట్టాలతో గోడ వేశారు. పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తెగుతూనే ఉంది.

2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లాక ఒడ్డున బంగారు రవ్వలు దొరికాయి. ఆడవాళ్లు, పిల్లలు తడి ఇసుకను గుప్పెడు గుప్పెడు తీసి, అరచేతిలో పరిచి, ఎండకు తిప్పి మెరుపు కోసం చూశారు. దొరికింది కొందరికే, అదీ బియ్యపు నూకంత. కొట్టుకుపోయిన ఇళ్లదీ గుళ్లదీ అని ఊళ్లో నమ్మకం. ముగ్గు పోసినప్పుడు పునాదిలో రవ్వంత బంగారం వేయడం మన ఆచారమే కదా. ఆ మాట విన్నప్పుడు నాకు బంగారం కంటే, దాన్ని పునాదిలో వేసిన చేతులే గుర్తొచ్చాయి. పది తరాలు నిలవాలని వేసి ఉంటారు.

మా ఊరి నేత, ఉప్పాడ జామ్దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటా బుటాకీ చేత్తో దారం చుట్టే ఆ పనితనానికి అది దక్కాల్సిందే. చీరకు రాతకోత జరిగింది. పోయిన వీధులకు అదీ లేదు. ఏ గుడి ఎక్కడుండేది, వలలు ఎక్కడ ఆరేసేవారు, ఏ బావి నీళ్లు తియ్యన అన్నవి ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి. గోడ కట్టమని అడుగుతూనే ఉందాం, కానీ ఈ జ్ఞాపకాలు రాసి పెట్టుకునే పనికి ఏ నిధులూ రానక్కర్లేదు.

మీ ఇంట్లో పాత పట్టాలు, ఇంటి పన్ను రసీదులు, పెళ్లి ఫోటోలు ఉంటే బయటికి తీయండి. ఫోటోలో వధూవరుల వెనక కనిపించే అరుగు, చెట్టు, గుడి మెట్టు ఎవరివో పెద్దవాళ్లని అడిగి వెనకవైపు రాయండి. వాళ్లు ఉండగానే రాయండి.