డ్రయాస్ ఆక్టోపెటాలా
డ్రయాస్ ఆక్టోపెటాలా రోజేసీ కుటుంబానికి చెందిన, తీవ్రమైన చలిని తట్టుకునే సతతహరిత బహువార్షిక మొక్క. లిన్నేయస్ 1753లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆర్కిటిక్ ప్రాంతాల్లోనూ, ఆల్ప్స్ వంటి ఎత్తైన పర్వతాల సున్నపురాతి నేలల్లోనూ సహజంగా పెరుగుతుంది.

కాండం నేలబారుగా పాకి చాపలా అల్లుకుంటుంది. ఆకుల అంచులు గుండ్రని నొక్కులతో, అడుగుభాగం తెల్లని నూగుతో ఉంటాయి. సుమారు 3 సెం.మీ. వెడల్పుండే తెల్లని పువ్వుకు సాధారణంగా 8 రేకులు, మధ్యలో పసుపు కేసరాలు ఉంటాయి. సూర్యుని వైపు తిరిగే పువ్వు లోపలి వెచ్చదనం కీటకాలను ఆకర్షిస్తుంది. ఈకల వంటి తోకలున్న కాయలు గాలికి వ్యాపిస్తాయి.

రాతి తోటల్లో దీనికి నిండు ఎండ, నీరు నిలవని నేల అవసరం. సుమారు 12,900–11,700 ఏళ్ల కిందటి ‘యంగర్ డ్రయాస్’ శీతల దశకు ఈ ప్రజాతి పేరే పెట్టారు. ఇది ఐస్‌లాండ్ జాతీయ పుష్పం.