ఆంధ్ర జనసంఘం: తొలి సభ్యుల చేరిక

సంస్థల చరిత్రలో స్థాపక సభ్యులు తరచు పేర్ల పట్టికగానే మిగిలిపోతారు. వారు ఒకచోటికి ఎట్లా చేరారన్నది పరిశీలిస్తే సంస్థ స్వభావం తెలుస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని నాటకశాలలో కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ఉపన్యసించగానే సభలో కొందరు గేలిచేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట పన్నెండుమందికి మించని తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు.

తొలి కార్యకర్తలలో న్యాయవాదులు ప్రముఖులు. మూసీ దక్షిణపుటొడ్డున, పాతనగరంలో 1920లో ప్రారంభమైన హైకోర్టులో వ్యవహారభాష ఉర్దూ. ఆ భాషలోనే వాదించి జీవిస్తున్నవారు తెలుగుకై సంఘం కట్టారు. కనుక ఇది ఉర్దూ రానివారి ఫిర్యాదు కాదు, ఆత్మగౌరవ ప్రకటన.

అయితే ఆ అవమానాన్ని స్వయంగా చవిచూసినవారు నగర విద్యావంతులు మాత్రమే. గ్రామీణులను సభ్యులుగా చేర్చుకోవాలంటే ముందు చదువరులను తయారుచేయాలి. మాడపాటి హనుమంతరావు కార్యదర్శిత్వంలో సంఘం గ్రంథాలయాలకు, పాఠశాలలకు ప్రాధాన్యమిచ్చింది అందుకే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభను ఈ సుదీర్ఘమైన సభ్యుల చేరికకు ఫలితంగా గ్రహించడం సమంజసం.