తెలుగు నేర్చినవారు – నేర్పినవారు

ఈ శతాబ్ది సంచికలో మన దేవాలయములను, పాఠశాలలను, వైద్యశాలలను గూర్చి పలువురు సహోదరులు వ్రాయుచున్నారు. ఆ కట్టడములన్నిటికంటె ముందు జరుగవలసివచ్చిన పని ఒకటి కలదు. అది భాష నేర్చుకొనుట. నెల్లూరు తీరమునకు వచ్చిన దొరలు, దొరసానులు మన భాషను ఎట్లు నేర్చిరి, వారికి ఎవరు నేర్పిరి అను సంగతిని సంఘస్థుల యెదుట ఉంచదలచితిమి.

1805లో లండన్ మిషనుకు చెందిన క్రాన్, డిగ్రాంజెస్ దొరలు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెనిగింప మొదలుపెట్టిరి. 1810 ముగియక మునుపే ఆ దొరలిద్దరును ప్రభువునందు నిద్రించిరి. అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షమున 1836లో ఇండియా చేరిన శామ్యూల్ డే దొర విశాఖపట్టణములోను, మద్రాసులోను కొంతకాలముండి 1840లో నెల్లూరు వచ్చిరి. 1816లో అచ్చయిన కాంబెల్ దొర వ్యాకరణము అప్పటికి కలదు. సి. పి. బ్రౌన్ వ్యాకరణము ఆ 1840లోనే వెలువడెను. బ్రౌన్ నిఘంటువు కొరకు మాత్రము ఇంకను 12 సంవత్సరములు ఆగవలసియుండెను. కనుక ఆ దినములలో పుస్తకముకంటె మనిషే ఆధారము.

ఆ మనిషి మున్షీ. ఆయన యెదుట కూర్చుండి అక్షరములు దిద్దుట, ఆయన పలికినట్లు పలుకుట, ఇదియే క్రొత్తగా వచ్చిన మిషనెరీకి మొదటి పని. ఇంగ్లీషువారి నాలుక కొస మన ‘త’, ‘ట’ల నడుమ ఒకచోట తగులును. అందుచేత వారు పాత నిబంధన అనగా మన చెవికి ‘పాట నిబంధన’ అని వినబడును. దీనిని నాలుకను మాత్రము తిట్టి దిద్దలేము. రెండు ధ్వనులు వేరని చెవికి తెలియనంతవరకు నోటికి పట్టుబడదు. చంటిబిడ్డ నెలల తరబడి విని, పిమ్మట మాటలాడును. పెద్దవాడో, వినకమునుపే మాటలాడబోవును. పైగా తెలుగు వాక్యములో క్రియ సాధారణముగా చివర వచ్చును. ఎదుటివాడు ‘వెళ్లెను’ అనునో ‘వెళ్లలేదు’ అనునో తెలియుటకు చివరి మాటవరకు ఓపికపట్టవలెను. భాషతోబాటు ఓపికయు నేర్వవలసివచ్చినది.

వీటన్నిటికంటె లోతైన చిక్కు మరియొకటి. ఇంగ్లీషులో ‘వుయ్’ అను ఒక్క మాటకు మనకు రెండు మాటలున్నవి: ‘మేము’, ‘మనము’. వినువానిని వదలివేసినయెడల మేము, కలుపుకొనినయెడల మనము. బోధకుడు సంఘము నెదుట నిలిచి ‘మేము పాపులము’ అనినయెడల వినువారు ఆ లెక్కలో లేరు. ‘మనము పాపులము’ అనినయెడల అందరును కలిసిరి. అదే బోధకుడు మోకరించి దేవునితో మాటలాడునప్పుడు ‘మనము’ అనరాదు. ‘మేము’ అనియే అనవలెను, దేవుడు పాపుల లెక్కలో చేరడు గనుక. సూత్రము ఒక్క పూటలో వచ్చును. తడుముకొనకుండ నోట వచ్చుటకు మాత్రము ఆ జనుల నడుమ జీవింపవలెను.

1849లో వచ్చిన లైమన్ జూయెట్ దొర అట్లు జీవించి, తరువాతి కాలమున తెలుగు క్రొత్త నిబంధన సవరణలో పాలుపొందునంతటివారైరి. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థించిన అయిదుగురిలో జూయెట్ దంపతులు ఇద్దరు, మన దేశపు విశ్వాసులు ముగ్గురు. 1865లో నెల్లూరు చేరి, మరుసటి యేట ఒంగోలుకు మారిన క్లౌ దొరకు మున్షీ తెలుగు చాలలేదు. ఆయన పరిచర్య మాదిగ పల్లెలలో విస్తరించినది. తోళ్ల పని చేయు యెర్రగుంట్ల పేరయ్య వంటివారు ఆయనతో కలిసి ఆ పల్లెలలో సువార్త చెప్పిరి. ఆ బోధకుల నోట వినిన సంగతులను క్లౌ దొరసాని సేకరించి, చెప్పులు కుట్టుచు అను అర్థము గల పేరుతో 1899లో ఇంగ్లీషున గ్రంథముగా ప్రకటించిరి. అందులో పండితుడు గాక పల్లెవాడు గురువు.

దక్షిణమున సూళ్లూరుపేటలో 1865లో జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గ్ మిషను పని మొదలైనది. దానికి నాయకుడైన మైలియస్ దొర అంతకుముందు తమిళ దేశమున పనిచేసినవారు. తమిళములోను ‘మేము’, ‘మనము’ వేరు వేరు. పొరుగు భాష తెలిసినవానికి ఈ భాషలో సగము దారి ముందే నడిచినట్లే.

పిమ్మట నేర్చుకొనువారి వరుస మారినది. 1872లో రామాయపట్నమున వేదాంత పాఠశాల ఆరంభమై, మన గ్రామ బోధకులు అక్కడ తెలుగులో తర్ఫీదు పొందిరి. బైబిలు తెలుగు పల్లె తెలుగు కాదు. మన పెద్దలలో అనేకులకు అదియు రెండవ భాష వంటిదే. వారు దానిని వ్యాకరణముతో గాక వినికిడితోను, కీర్తనలతోను, కంఠతా పట్టిన వాక్యములతోను నేర్చిరి. చదువు రాని అవ్వలు సయితము ఆ భాషలో ధారాళముగా ప్రార్థించుట మనము ఎరిగినదే.

నేర్చిన దొరల పేర్లు చరిత్రలలో నిలిచినవి. నేర్పిన మున్షీల, వంటవారి, బండివారి, పల్లె స్త్రీల పేర్లు మనకు దక్కినవి బహు కొద్ది. దొర తప్పు పలికినప్పుడు నవ్వు ఆపుకొని మరల పలికించిన ఆ నోళ్లు లేనియెడల సువార్త ఈ తీరమున తెలుగు మాటలాడియుండదు. ఈ శతాబ్ది వేళ వారిని తలంచుట మన ధర్మము.

నేడు మన పిల్లలు ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. అది మంచిదే. అయితే అవ్వ ప్రార్థించుచుండగా మనుమడు ‘ఆమేన్’ మాత్రమే అర్థమై కూర్చుండు ఇండ్లు మన సంఘములలో ఎన్ని లేవు! గద్దింపుతో భాష రాదు. కుటుంబ ప్రార్థనలో దినమునకు ఒక్క వచనము అవ్వ చదువగా పిల్లలు వెంబడి చదువనిండి. తప్పు పలికినయెడల నవ్వకుడి. మున్షీలు దొరలయెడల చూపిన ఓపికను మన బిడ్డలయెడల చూపలేమా?

ఇంకొక మాట. కృష్ణపట్నము రేవు చుట్టుప్రక్కల ఒరియా, హిందీ మాటలాడు కూలివారు పనిచేయుచున్నారు. వారు మన సంతలలో తెలుగు నేర్చుకొనుచున్నారు. వారిని పలకరించుటకు వారి భాషలో పది మాటలైనను మన సంఘము నేర్చినదా? ఒకప్పుడు సముద్రము దాటివచ్చినవారు మన యొద్ద కూర్చుండి ‘మనము’ అనుట నేర్చుకొనిరి. ఆ మాటను ఇప్పుడు ఈ పరదేశులయెడల పలుకవలసినవారము మనమే. అందుకు ప్రభువు మన చెవులను మొదట తెరచును గాక.